బంతి చేతికి రాకముందే ఆట చూసేస్తాడు: నిక్ డేకాస్ రివ్యూ

అందరికీ నమస్తే. ఈసారి రివ్యూ ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్‌ది. అక్కడివాళ్లు ఫుటీ అంటారు. అందులో నేను ప్రాణం పెట్టి చూసే ఆటగాడు నిక్ డేకాస్, కాలింగ్‌వుడ్ క్లబ్.

అతని క్లబ్ ఎక్కువగా ఆడే మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ మనకు కొత్తేం కాదు. 2024 డిసెంబర్‌లో మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి సెంచరీ కొట్టింది అక్కడే. క్రికెట్ సీజన్ అయిపోగానే పిచ్ తీసేసి, రెండు చివర్లా నాలుగేసి గోల్ పోస్టులు పెడతారు. జట్టుకు 18 మంది. మధ్య రెండు పోస్టుల నడుమ నుంచి తన్నితే గోల్, అంటే 6 పాయింట్లు. దాని పక్కనున్న పోస్టు నడుమ నుంచి పోతే 1. బంతిని విసరకూడదు, కాలితో తన్నాలి, లేదా పిడికిలితో కొట్టి అందించాలి (దీన్ని హ్యాండ్‌బాల్ అంటారు). ఆఫ్‌సైడ్ లేదు, కాబట్టి బంతి పట్టుకున్నవాడి మీదకి ఎటు నుంచైనా వచ్చి పడొచ్చు. నిక్ గొప్పతనం తెలియాలంటే ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి.

ఇప్పుడు 2023 ఆన్జాక్ డే మ్యాచ్‌కి వద్దాం. ఏటా ఏప్రిల్ 25న ఆస్ట్రేలియా తన సైనికులను తలుచుకునే రోజు అది. కాలింగ్‌వుడ్, ఎసెండన్ తలపడతాయి. ఆ రోజు గ్రౌండ్‌లో 95 వేల మందికి పైగా జనం. మూడు క్వార్టర్లు అయ్యేసరికి కాలింగ్‌వుడ్ 28 పాయింట్లు వెనకబడింది. చివరికి 13 పాయింట్ల తేడాతో గెలిచింది! కిక్కులు, హ్యాండ్‌బాల్స్ కలిపి నిక్ 40 సార్లు బంతి అందించాడు, 2 గోల్స్ కొట్టాడు. బెస్ట్ ప్లేయర్ మెడల్ అతనికే. అప్పటికి అతని వయసు 20.

అతను ఆడుతున్నప్పుడు బంతిని కాదు, అతని తలను చూడండి. గుంపులో కొట్లాట జరుగుతుంటే కాస్త ఎడంగా నిలబడి, భుజం మీదుగా ఒక్కసారి వెనక్కి చూస్తాడు. అంతే. బంతి చేతిలో పడేసరికి పాదాలు అప్పటికే ఖాళీ ఉన్న వైపు తిరిగి ఉంటాయి. మీదకి దూకినవాడు గాలిని పట్టుకుంటాడు. ఈలోపు నిక్ బంతిని, పరిగెడుతున్న తోటి ఆటగాడికి రెండడుగులు ముందు పడేలా తన్నేస్తాడు. అందుకునేవాడు వేగం తగ్గించక్కర్లేదు. నాకు గోల్స్ కన్నా ఆ కిక్కే ఎక్కువ ఇష్టం.

వాళ్ల నాన్న పీటర్ డేకాస్ కూడా కాలింగ్‌వుడ్ హీరోనే. 549 గోల్స్, 1990 చాంపియన్ జట్టు సభ్యుడు. ఆయన వేసుకున్న 35 నంబరు జెర్సీయే కొడుకుదీ. నాన్న ఆడిన క్లబ్‌కే కొడుకు వచ్చే రూలు ఒకటుంది, నిక్ అలాగే వచ్చాడు. ఇంటిపేరు చూసి తీసుకున్నారనేవాళ్లకి ఒకటే మాట: ఆ రూలు క్లబ్‌లోకి తెస్తుంది కానీ, బంతిని చేతిలో పెట్టదండీ. మొదటి సీజన్‌లోనే, 2022లో, బెస్ట్ యువ ఆటగాడికి ఇచ్చే రైజింగ్ స్టార్ అవార్డు కొట్టాడు.

అతన్ని ఆపలేరా అంటే, ఆపారు. 2023లో హాథార్న్ ఆటగాడు ఫిన్ మెగిన్నిస్ మ్యాచ్ అంతా నీడలా వెంటాడాడు. కిక్కులు, హ్యాండ్‌బాల్స్ కలిపి నిక్ బంతి అందించింది 5 సార్లే. ఆ మ్యాచ్‌లోనే మోకాలి దగ్గర ఎముక చిట్లింది. అయినా మెగిన్నిస్ చేసిన పని చిన్నది కాదు, అతనికి దక్కాల్సిన మెప్పు అతనికి ఇవ్వాలి. నిక్ సెమీస్ లాంటి ప్రిలిమినరీ ఫైనల్‌కి తిరిగొచ్చాడు. ఆ మ్యాచ్ 1 పాయింట్‌తో, బ్రిస్బేన్‌తో ఫైనల్ 4 పాయింట్లతో గెలిచారు. అన్న జాష్ కూడా అదే జట్టులో ఉన్నాడు!

సీజన్‌లో బెస్ట్ ప్లేయర్‌కి అంపైర్ల ఓట్లతో ఇచ్చే బ్రౌన్లో మెడల్ మాత్రం 2024లో ఊరించి చేజారింది. ఆ ఏడాది నిక్‌కి 38 ఓట్లు. ఇప్పటి ఓటింగ్ పద్ధతిలో అంతవరకు ఎవరికీ 36 దాటలేదు. కానీ అదే ఏడాది పాట్రిక్ క్రిప్స్ 45 తెచ్చుకున్నాడు. ఆ రాత్రి నాకైతే నిజంగా బాధేసింది.

ఫుటీ ఎప్పుడూ చూడనివాళ్లు ఆ ఆన్జాక్ డే మ్యాచ్ చివరి క్వార్టర్‌తో మొదలుపెట్టండి. 35 నంబరు జెర్సీని వదలకండి. చూశాక మీకు ఏ కిక్ నచ్చిందో కామెంట్‌లో చెప్పండి.