ట్రినిడాడ్ పైలట్ సమాధి నెదర్లాండ్స్‌లో ఎందుకుంది?

[స్క్రీన్ మీద: నలుపు తెలుపు ఫొటో. యూనిఫాంలో ఒక యువకుడు, పక్కన కుక్క]

ఈయన జేమ్స్ హైడ్. కరేబియన్ సముద్రంలోని ట్రినిడాడ్ దీవిలో శాన్ హువాన్ ఈయన ఊరు. కుక్క పేరు డింగో, స్క్వాడ్రన్ కమాండర్ పెంచుకున్నది.

హైడ్ 1942లో శిక్షణ కోసం బ్రిటన్ వచ్చారు. తర్వాత బ్రిటిష్ వైమానిక దళంలోని 132వ స్క్వాడ్రన్‌లో, అంటే ఆ నంబరున్న విమానాల బృందంలో, స్పిట్‌ఫైర్ ఫైటర్ విమానం నడిపారు. 1944 సెప్టెంబర్ 25న, రెండో ప్రపంచ యుద్ధంలో భాగంగా నెదర్లాండ్స్‌లో ఆర్నెమ్ యుద్ధం జరుగుతుండగా, అక్కడి నైమెగన్ దగ్గర ప్రాణాలు కోల్పోయారు. వయసు 27. అక్కడి యోంకర్‌బోస్ సైనిక శ్మశానంలోనే ఆయన సమాధి ఉంది.

[మ్యాప్: ట్రినిడాడ్ నుంచి బ్రిటన్, అక్కడి నుంచి నెదర్లాండ్స్]

యుద్ధానికి ముందు బ్రిటిష్ వైమానిక దళంలో ఆఫీసర్ కావాలంటే అచ్చంగా యూరప్ సంతతివాళ్ళే అయి ఉండాలనే నిబంధన ఉండేది. 1939 అక్టోబర్‌లో దాన్ని పక్కన పెట్టారు. మనుషులు కావలసి వచ్చాకే తలుపు తీశారు, ఆ మాట దాచక్కర్లేదు. ఆ తర్వాత కరేబియన్ నుంచి దాదాపు 6,000 మంది ఈ దళంలో చేరారు. ఎక్కువమంది నేల మీద పనులు చేశారు. విమానం ఎక్కినవాళ్ళు కొన్ని వందల మందే.

వాళ్ళలో చాలామంది బాంబర్లలో వెళ్ళారు. ఆ దళంలో బాంబర్ విమానాల విభాగమైన బాంబర్ కమాండ్‌లో ఎగిరిన సుమారు 1,25,000 మందిలో 55,573 మంది చనిపోయారు. అంటే నూటికి 44 మంది! ఆ సంగతి తెలిసీ రాత్రి పూట మళ్ళీ విమానం ఎక్కేవాళ్ళు.

[స్క్రీన్ మీద: లాంకాస్టర్ బాంబర్]

కరేబియన్ పక్కనే ఉన్న బ్రిటిష్ గయానాలో (ఇప్పటి గయానా) పుట్టిన సై గ్రాంట్ అలాంటి ఒక లాంకాస్టర్‌లో నావిగేటర్, అంటే దారి లెక్కగట్టే మనిషి. 1943 జూన్‌లో జర్మనీలోని గెల్సెన్‌కిర్షెన్ మీద దాడి చేసి తిరిగొస్తుంటే, వాళ్ళ విమానం నెదర్లాండ్స్‌లో కూలింది. ఏడుగురిలో ఇద్దరు పోయారు. కింద ఒక రైతు భార్య కూడా చనిపోయింది. గ్రాంట్ పారాచూట్‌తో దిగి జర్మన్లకు దొరికిపోయారు. రెండేళ్ళు యుద్ధఖైదీ. ఆయన ఫొటోను ఒక నాజీ పత్రిక అచ్చేసి, కింద 'ఏ జాతివాడో తేలని వైమానిక దళ సభ్యుడు' అని రాసింది. మనిషిని అవమానించడానికి ఆ ఒక్క వాక్యం చాలు.

ఆ విమానం కూలడం చూసిన వాళ్ళలో పదకొండేళ్ళ డచ్ కుర్రాడు ఒకడున్నాడు, పేరు యోస్ట్ క్లోట్‌వైక్. పెద్దయ్యాక కూడా దాన్ని మర్చిపోలేదు. అందులో ఉన్నదెవరో ఆరా తీస్తూ పోయాడు. చివరికి యోస్ట్ కొడుకు హాన్స్, ఎనభై దాటిన గ్రాంట్ కలిసి కరేబియన్ వైమానికుల పేర్లన్నీ ఒకచోట చేర్చే ఆన్‌లైన్ రికార్డు మొదలుపెట్టారు.

ఈ పని ఎందుకంత కష్టం? వైమానిక దళం రికార్డుల్లో నంబర్, ర్యాంకు ఉంటాయి కానీ మనిషి నల్లవాడా, తెల్లవాడా అన్నది రాయలేదు. యోంకర్‌బోస్‌లోనూ అంతే, సమాధి రాయి మీద చెక్కేది దళం చిహ్నమే, పుట్టిన దీవి చిహ్నం కాదు. కాబట్టి ఎవరు ఎక్కడివాళ్ళో ఒక్కొక్క పేరూ పట్టుకుని తేల్చుకోవాలి.

గ్రాంట్ 2010లో కన్నుమూశారు. ఆఫ్రికా, కరేబియన్ సైనికుల స్మారకం లండన్‌లోని బ్రిక్స్టన్‌లో వెలిసింది 2017 జూన్ 22న, అంటే యుద్ధం ముగిసిన 72 ఏళ్ళకి. రాతి స్మారకాలు కావాలి, కాదనను. కానీ నా మటుకు నాకు ఆ పేర్ల జాబితాయే పెద్ద పని అనిపిస్తుంది.

[స్క్రీన్ మీద: వెతుకు పెట్టె]

కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైట్‌లో ఎవరైనా పేరు కొట్టి వెతకొచ్చు, డబ్బులేం కట్టక్కర్లేదు. రెండు ప్రపంచ యుద్ధాల్లో మన దేశం నుంచి వెళ్ళి తిరిగిరాని సైనికుల పేర్లూ అందులో ఉన్నాయి. మీ ఇంట్లో అలాంటి మనిషి గురించి పెద్దవాళ్ళు చెప్పి ఉంటే, ముందు ఆ పేరు, రెజిమెంటు రాసి పెట్టుకుని వెతకండి.