ఎసరు కాగకముందు పట్టి చూసిన మెతుకు

నమస్కారం. ఈ వీడియో చేయడానికి కారణం ఒక ఎన్నికల సర్వే ఫొటో. న్యూజెర్సీలో ఉండే మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. రెండు ముఖాలు, రెండు అంకెలు, మధ్యలో ఒక గీత. గవర్నర్ ఎన్నికకు అప్పటికి ఇంకా నెలల సమయం ఉంది. కింద మా బాబాయి ఒక్క మాట రాశారు: "ఇంకేముంది, గెలిచినట్టే."

బాబాయి పాతికేళ్లుగా అక్కడే ఉన్నారు. లెక్కలు బాగా తెలిసిన మనిషి. ఆయనే ఆ అంకెలను తీర్పులా చదివితే మిగతావాళ్ల సంగతి ఏమిటి? ఈ పొరపాటు ఎక్కడ చూసినా నాకు మనసు ఊరుకోదు. "గెలిచినట్టే" అన్న మాట నమ్మి ఎన్నిక రోజున ఇంట్లో కూర్చునే మనిషి ఒకడుంటాడు. "ఓడినట్టే" అన్న మాట నమ్మి కూర్చునేవాడు ఇంకొకడు. ఇద్దరి ఓట్లూ ఒక తొందరపాటు మాటకు పోతాయి.

అమెరికాలో గవర్నర్ అంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవి అని, జనం ఓట్లతో గెలవాలని మీకు తెలుసు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను.

ముందు మా అమ్మమ్మ వంటింట్లోకి రండి. కట్టెల పొయ్యి, దాని మీద పెద్ద ఇత్తడి గిన్నె. ఇంటినిండా చుట్టాలు ఉన్న రోజు. అమ్మమ్మ గరిటెతో అడుగునుంచి ఒకసారి కలిపి, నడిమి నుంచి కాస్త అన్నం పైకి తీసి, రెండు మెతుకులు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కేది. వేళ్ల కింద చిన్న గట్టి చుక్క తగిలితే "ఇంకా పలుకుంది" అనేది. తగలకపోతే గంజి వార్చడానికి గుడ్డ అందుకునేది. ముప్పై మంది అన్నానికి రెండు మెతుకులు చాలు.

సర్వే కూడా సరిగ్గా ఇదే. న్యూజెర్సీ జనాభా 90 లక్షలకు పైమాటే. సర్వే సంస్థ ఏ ఎనిమిది వందల మందినో అడుగుతుంది. "ఎనిమిది వందల మందిని అడిగితే రాష్ట్రం సంగతి ఎలా తెలుస్తుంది?" అని చాలామంది అనుమానిస్తారు. ఆ అనుమానం అక్కర్లేదు. గిన్నె ఎంత పెద్దదైనా, బాగా కలిపి తీస్తే మెతుకు నిజమే చెబుతుంది. మరి మా అమ్మమ్మ మెతుకు ఎప్పుడు పట్టి చూసేది? ఎసట్లో బియ్యం పోసిన మరుక్షణం ఎప్పుడూ చూడలేదు. చూస్తే ఏం తెలుస్తుంది? బియ్యం బియ్యంగానే ఉందని తెలుస్తుంది. అది అబద్ధం కాదు. కానీ దాన్నిబట్టి అన్నం పలుకుగా దిగుతుందో, చిమిడిపోతుందో చెప్పలేం.

ఎన్నికకు నెలల ముందు వచ్చే సర్వే అలాంటి మెతుకు. ఇది నా ఊహ కాదు. న్యూజెర్సీలోనే, ఒకే అభ్యర్థి విషయంలో, నాలుగేళ్ల తేడాతో రెండుసార్లు జరిగింది. ఇంత చక్కని ఉదాహరణ నాకు ఇంకెక్కడా కనబడలేదు, అందుకే దీని మీద కాస్త ఎక్కువసేపు నిలబడతాను.

[తెర మీద: 2021 ఆగస్టు. 52 – 36]

2021. పదవిలో ఉన్న గవర్నర్ ఫిల్ మర్ఫీ, డెమోక్రాట్. ఎదురుగా రిపబ్లికన్ జాక్ చిటరెల్లి. ఆగస్టులో మాన్మత్ విశ్వవిద్యాలయం సర్వే చేసింది. మర్ఫీకి 52, చిటరెల్లికి 36. పదహారు పాయింట్ల ఆధిక్యం. మా బాబాయి లాంటి వాళ్లు "గెలిచినట్టే" అనడానికి ఇది చాలు. సెప్టెంబరులో 51, 38. అక్టోబరు చివర 50, 39. నవంబరులో ఓట్లు లెక్కపెడితే మర్ఫీకి 51 శాతం పైచిలుకు, చిటరెల్లికి 48. గెలిచింది మర్ఫీయే, కానీ తేడా మూడు పాయింట్లు. మొత్తం రాష్ట్రంలో 84 వేల ఓట్ల చిల్లర.

సర్వే ఘోరంగా తప్పిందన్నారు అందరూ. ఆ సంస్థ డైరెక్టర్ పాట్రిక్ మర్రీ పత్రికలో వ్యాసం రాసి, పొరపాటు తనదేనని ఒప్పుకున్నారు, రెండు పక్షాలకూ క్షమాపణ చెప్పారు. తన పని మీద గౌరవం ఉన్న మనిషే అలా రాయగలడు. ఆ నిజాయితీకి నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

కానీ ఇప్పుడు ఆ అంకెలను మళ్లీ చూడండి, ఈసారి నిలువుగా. మర్ఫీ వరస: 52, 51, 50, చివరికి 51. ఆ అంకె కదలనే లేదు! ఆగస్టు మెతుకు మర్ఫీ గురించి నిజమే చెప్పింది. చిటరెల్లి వరస: 36, 38, 39, చివరికి 48. కదిలిందంతా అటువైపే. ఆగస్టులో 52నీ 36నీ కలపండి. 88. మిగిలిన 12 ఎక్కడ? ఇలాంటి ఫొటోల్లో అవి కనబడవు. రెండు ముఖాల మధ్య గీత ఉంటుంది కానీ ఆ పన్నెండు ఉండవు. ఇంకా తేల్చుకోనివాళ్లు, చిన్న పార్టీల పేర్లు చెప్పినవాళ్లు, ఏమీ చెప్పనివాళ్లు అందులో ఉన్నారు. ఇంకా పలుకుగా ఉన్న మెతుకులు అవే. తేడా పదహారు అని చదివినవాళ్లు, పలుకు పన్నెండు ఉందని చదవలేదు.

"అంటే తేల్చుకోనివాళ్లు ఎప్పుడూ పోటీకి వచ్చిన కొత్తవాడి వైపే వెళ్తారన్నమాట" అని మీరు అనుకుంటున్నారు కదా? 2021 తర్వాత చాలామంది అదే అనుకున్నారు. సరిగ్గా నాలుగేళ్లకు దానికి జవాబు వచ్చింది.

[తెర మీద: 2025 సెప్టెంబరు. 43 – 43]

2025లో మళ్లీ చిటరెల్లి నిలబడ్డారు. ఈసారి డెమోక్రాట్ అభ్యర్థి మైకీ షెరిల్. ప్రైమరీలు, అంటే పార్టీలు తమ అభ్యర్థిని ఎంచుకునే తొలి విడత ఎన్నికలు, ముగియగానే రట్గర్స్ విశ్వవిద్యాలయం సర్వే షెరిల్‌కు 51, చిటరెల్లికి 31 ఇచ్చింది. ఇరవై పాయింట్లు. సెప్టెంబరుకు ఎమర్సన్ కళాశాల సర్వే ఇద్దరినీ 43 దగ్గర సమానంగా చూపింది. "పోయినసారి లాగే చిటరెల్లి చివర్లో దూసుకొస్తాడు" అన్నారు. ఫలితం? షెరిల్‌కు దాదాపు 57, చిటరెల్లికి 42, 43 మధ్య. ఇంచుమించు పద్నాలుగు పాయింట్లు.

మళ్లీ నిలువుగా చూడండి. సెప్టెంబరులో చిటరెల్లికి 43. ఫలితంలోనూ అక్కడే. ఈసారి కదలనిది ఆయన అంకె. మిగిలినదంతా షెరిల్ వైపు చేరింది. అదే రాష్ట్రం, అదే మనిషి, అదే తరహా సర్వే. 2021లో పలుకు ఆయన వైపు ఉడికింది, 2025లో ఎదుటివైపు ఉడికింది. తేల్చుకోనివాళ్లు ఎటు వెళ్తారో ముందే చెప్పే సూత్రం ఏదీ లేదు. ఉందని చెప్పేవాళ్లను నమ్మకండి, వాళ్లు ఎంత ధీమాగా చెప్పినా సరే.

సరే, తొలి సర్వే దేన్ని కొలుస్తుంది మరి? చాలావరకు పేరు తెలిసి ఉండటాన్ని. దీనికి మిన్నెసోటాకు వెళ్దాం, 1998.

అక్కడ డెమోక్రాట్ల తరఫున ఉన్నది హ్యూబర్ట్ హంఫ్రీ మూడో వారు. రాష్ట్ర అటార్నీ జనరల్, అంటే ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి. తండ్రి అమెరికా ఉపాధ్యక్షుడిగా చేసినవారు, 1968లో అధ్యక్ష పదవికి పోటీ చేసినవారు. మిన్నెసోటాలో ఆ ఇంటి పేరు తెలియని ఇల్లు లేదు. మన దగ్గర కూడా తండ్రి పేరుతో తొలి సర్వేల్లో ముందుండే కొడుకులను చూస్తూనే ఉంటాం కదా, అలా. ఆయన తొలి సర్వేల్లో ముందున్నారు. రిపబ్లికన్ నార్మ్ కోల్‌మన్ సెయింట్ పాల్ మేయర్. మూడో మనిషి జెస్సీ వెంచురా, ఒకప్పటి కుస్తీ వీరుడు, రిఫార్మ్ పార్టీ అనే చిన్న పార్టీ తరఫున నిలబడ్డారు. సెప్టెంబరులో ఆయన పది శాతం దరిదాపుల్లో ఉన్నారు. చర్చా వేదికల మీద వెంచురాకు చోటు ఇవ్వాలని హంఫ్రీయే పట్టుబట్టారు, ఆయన చీల్చేవి రిపబ్లికన్ ఓట్లే అన్న లెక్కతో. అదే హంఫ్రీ కొంప ముంచింది. జనం ముగ్గురినీ పక్కపక్కన చూశారు. ఫలితం: వెంచురా 37, కోల్‌మన్ 34, హంఫ్రీ 28.

సెప్టెంబరు సర్వే తప్పా? కాదు. ఆ రోజు అడిగితే జనం తమకు తెలిసిన పేరు చెప్పారు. ఫోనులో "ఎవరికి వేస్తారు?" అని హఠాత్తుగా అడిగితే, ఎవరి గురించీ ఇంకా ఆలోచించని మనిషి చెప్పే జవాబు అదే. అది అభిప్రాయం కాదు, జ్ఞాపకం. ఈ రెండింటి తేడా తెలిస్తే చాలు, సగం గందరగోళం తీరిపోతుంది.

మిన్నెసోటాలో ఇంకొక సంగతి. అక్కడ ఎన్నిక రోజున పోలింగ్ కేంద్రంలోనే ఓటరుగా నమోదు చేసుకోవచ్చు. ఆ రోజు కొత్త ఓటర్లు వేల సంఖ్యలో వచ్చారు. అమ్మమ్మ మెతుకు పట్టి చూసిన తర్వాత, ఎవరో వచ్చి గిన్నెలో ఇంకో సోలెడు బియ్యం పోసినట్టు. పాత మెతుకు ఆ బియ్యం గురించి ఏం చెబుతుంది?

దీనికి తలకిందులు కూడా జరుగుతుంది, గిన్నెలో బియ్యం తగ్గడం. న్యూజెర్సీలో 2020 అధ్యక్ష ఎన్నికకు నమోదైన ఓటర్లలో 72 శాతం వచ్చారు. మరుసటి ఏడు గవర్నర్ ఎన్నికకు 40 శాతం. నూటికి ముప్పై మందికి పైగా మాయం! ఆగస్టులో "నమోదైన ఓటర్లు" అని అడిగిన సర్వేలో వాళ్లందరూ ఉన్నారు. నవంబరులో లేరు. అందుకే సర్వే కింద చిన్న అక్షరాల్లో ఎవరిని అడిగారో రాసి ఉంటుంది, అది చదవండి. నమోదైన ఓటర్లనా, ఓటు వేసే అవకాశం బాగా ఉన్నవారినా? రెండో జాబితా తయారు చేయడానికి ఒక్కో సంస్థది ఒక్కో పద్ధతి. తొలి రోజుల్లో ఆ జాబితా తయారు చేయడమే కష్టం, ఎందుకంటే నవంబరులో వెళ్తానో లేదో ఆ మనిషికే ఇంకా తెలియదు.

కలపడం గురించి కూడా చెప్పాలి. గరిటె అడుగుదాకా వెళ్లకపోతే పైన ఉన్న మెతుకులే వస్తాయి, అడుగంటిన సంగతి తెలియదు. మీకు తెలియని నంబరు నుంచి ఫోను వస్తే ఎత్తుతారా? నేను ఎత్తను. అమెరికాలో ప్రజాభిప్రాయాన్ని కొలిచే ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే సంస్థ తన ఫోను సర్వేల లెక్క తానే ప్రకటించింది. 1997లో నూటికి 36 మంది జవాబిచ్చేవారు, 2018కి ఆరుగురు. ఆ ఆరుగురూ మిగతా 94 మంది లాంటివారేనా అన్నదే ఇవాళ సర్వేలు చేసేవారి నిద్ర చెడగొట్టే ప్రశ్న. వయసు, చదువు, జాతి, ప్రాంతం చూసి తూకం సరిచేస్తారు. రాత్రి షిఫ్టులో పనిచేసే మన తెలుగు కుర్రాడు జవాబివ్వకపోతే, అదే వయసున్న ఇంకొకరి జవాబుకు బరువు పెంచుతారు. ఆ ఇంకొకరు అతనిలా ఆలోచిస్తారా అన్నది వేరే సంగతి. 

సమయం దగ్గర పడింది, మిగిలినవి గబగబా చెప్పేస్తాను.

పొరపాటు పరిమితి. 800 మందిని అడిగితే అటూ ఇటూ మూడున్నర పాయింట్లు అంటారు. అది ఒక్కో అభ్యర్థి అంకెకు. ఇద్దరి మధ్య తేడాకు కాదు. 45, 40 అని వస్తే, ఆ అయిదు పాయింట్ల ఆధిక్యం మీద పరిమితి ఆరున్నర దాకా ఉంటుంది. అంటే అసలు ఆధిక్యమే లేకపోవచ్చు, పదకొండు కూడా ఉండవచ్చు. పైగా ఈ పరిమితి మెతుకుల ఎంపికలో వచ్చే తేడాకే. గిన్నె కలపకపోతే వచ్చే తప్పు ఇందులో లేదు.

ప్రైమరీలకు ముందు వచ్చే సర్వేలు. "ఫలానా ఆయన, ఫలానా ఆవిడ ఎదురెదురుగా నిలిస్తే?" అని అడుగుతారు. ఎసరు కూడా పెట్టలేదు అప్పటికి, పొయ్యి మీద గిన్నె మాత్రం ఉంది.

అభ్యర్థి సొంత డబ్బుతో చేయించిన సర్వేలు. బాగా వచ్చినవే బయటపెడతారు, బాగా రానివి బీరువాలో ఉంటాయి. ఎవరు డబ్బు పెట్టారో చూడకుండా ఏ అంకెనూ పంపకండి.

ఒక్క సర్వే కాకుండా వరస చూడండి. 2021లో వర్జీనియా గవర్నర్ ఎన్నికలో మాన్మత్ ఆగస్టు సర్వే డెమోక్రాట్ మెకాలిఫ్‌కు 47, రిపబ్లికన్ యంగ్‌కిన్‌కు 42 ఇచ్చింది. సెప్టెంబరులో 48, 43. అక్టోబరులో 46, 46. యంగ్‌కిన్ రెండు పాయింట్లతో గెలిచారు. ఆగస్టు ఫొటో దగ్గరే ఆగినవాళ్లు ఆశ్చర్యపోయారు, వరస చూసినవాళ్లు ఆశ్చర్యపోలేదు.

2026లో 36 రాష్ట్రాలకు గవర్నర్ ఎన్నికలు ఉన్నాయి. అలాంటి ఫొటోలు మీ గ్రూపుల్లోకి వస్తూనే ఉంటాయి. ఈసారి వస్తే రెండు అంకెలూ కూడి, వందలోంచి తీసేసి, మిగిలినది ఆ ఫొటో కిందే రాసి పంపండి. మా బాబాయికి నేను అదే చేశాను. "ఈ మిగిలినవాళ్లు ఎవరు రా?" అని వెంటనే ఫోను చేశారు. గంటసేపు మాట్లాడుకున్నాం. మీ రాష్ట్రంలో వచ్చిన సర్వే ఏదైనా అర్థం కాకపోతే, ఎవరు చేయించారో, ఎంతమందిని అడిగారో, ప్రశ్న ఏమని అడిగారో కలిపి కింద రాయండి. వచ్చే వీడియోలో వాటిని ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం.