శుక్రవారాల ప్లీడరు

అందరికీ నమస్కారం. పర్యావరణ న్యాయవాది అంటే మీకు పెద్ద తీర్పు, గేటు దగ్గర టీవీ మైకులు గుర్తొస్తాయేమో. నాకు శుక్రవారాలు గుర్తొస్తాయి. ఎం.సి. మెహతా అనే వకీలు వేసిన పర్యావరణ కేసుల కోసం సుప్రీంకోర్టు ఏళ్ల తరబడి ప్రతి శుక్రవారం ఒక కోర్టు హాలు కేటాయించింది.

ఆయన 1946లో జమ్మూ కశ్మీర్‌ రాజౌరీ జిల్లాలోని ఒక పల్లెలో పుట్టారు. జమ్మూలో చదివి, 1983లో ఢిల్లీ వచ్చి సుప్రీంకోర్టులో ప్రాక్టీసు పెట్టారు. మరుసటి ఏడాది తొలిసారి తాజ్‌మహల్ చూశారు. పాలరాయి పసుపు రంగుకు తిరిగి ఉంది. మనమైతే ఫొటో దిగి వచ్చేస్తాం. ఆయన చుట్టుపక్కల ఫ్యాక్టరీల పొగ మీద పిటిషన్ వేశారు. తుది తీర్పు 1996 డిసెంబర్ 30న వచ్చింది. 292 పరిశ్రమలు బొగ్గు మానేసి గ్యాస్‌కు మారాలి, లేదంటే అక్కడి నుంచి తరలిపోవాలి. ఫ్యాక్టరీతో పాటు వెళ్లే కార్మికులకు ఏడాది జీతం బోనస్‌గా ఇవ్వాలని కూడా అందులో ఉంది. ఈ ముక్క పరీక్షలో ఎవరూ రాయరు, నాకు అదే కోపం.

ఇక ఒలియం కేసు. ఒలియం అంటే సల్ఫ్యూరిక్ ఆమ్లం కంటే ఘాటైన రసాయనం. ఢిల్లీ నడిబొడ్డున ఉన్న శ్రీరామ్ ఫ్యాక్టరీ మీద మెహతా పిటిషన్ అప్పటికే పెండింగ్‌లో ఉంది. భోపాల్ గ్యాస్ దుర్ఘటన జరిగి సరిగ్గా ఏడాది. 1985 డిసెంబర్ 4న ఈ శ్రీరామ్ ఫ్యాక్టరీలో ఒలియం గ్యాస్ లీకైంది. తీస్ హజారీ కోర్టులో ప్రాక్టీసు చేసే ఒక వకీలు చనిపోయారు. ‘మేం అన్ని జాగ్రత్తలూ తీసుకున్నాం, మా తప్పేం లేదు’ అనడం ప్రమాదకర పరిశ్రమలకు ఇక కుదరదని జస్టిస్ భగవతి బెంచ్ తేల్చింది. సంపూర్ణ బాధ్యత అంటే అదే. కంపెనీ ఎంత పెద్దదైతే పరిహారం అంత ఎక్కువ. అయితే బాధితుల చేతికి ఆ రోజు పైసా రాలేదు. పరిహారం కోసం తగిన కోర్టులో దావాలు వేయమన్నారు. సూత్రం మనకు మిగిలింది, తిరుగుడు వాళ్లకు మిగిలింది.

2020 మే 7న విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైనప్పుడు మళ్లీ ఈ సూత్రం గురించే మాట్లాడుకున్నాం. పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ మర్నాడే కంపెనీని 50 కోట్లు జమ చేయమంది.

మెహతాకు 1996లో గోల్డ్‌మన్ బహుమతి, 1997లో మెగసెసే, 2016లో పద్మశ్రీ వచ్చాయి. సరే, అవి గూగుల్లో దొరుకుతాయి.

చివరగా ఒకటి. డిగ్రీలో మీరు విసుక్కుంటూ, ముందు రోజు రాత్రి గైడు తిరగేసి రాసిన పర్యావరణ అధ్యయనం పేపర్ ఉంది చూశారూ, దాన్ని తప్పనిసరి చేయించిన 1991 నాటి ఆదేశం కూడా ఈయన పిటిషన్ మీద వచ్చిందే. తిట్టుకోవాలంటే ఈయన్నే తిట్టుకోండి.