మోటారు బోటులో నిలబడ్డ మనిషి

[దృశ్యం: ట్యాంక్‌బండ్. పొద్దున ఆరు. ట్రాఫిక్ ఇంకా మొదలవలేదు. బుద్ధుడి విగ్రహం అవతల సన్నటి, పొడవాటి పడవ ఒకటి కదులుతోంది.]

వాకింగ్‌కి వచ్చినవాళ్లంతా ఆ పడవనే చూస్తారు. మీరు మాత్రం దాని పక్కనే, కాస్త వెనకగా వస్తున్న చిన్న మోటారు బోటు చూడండి. అందులో టోపీ పెట్టుకుని, చేతిలో మైకు పట్టుకుని ఒకాయన నిలబడ్డాడు కదా. ఇవాళ్టి వీడియో ఆయన గురించే. రోయింగ్ కోచ్. రోయింగ్ అంటే తెడ్లతో పడవ నడిపే పందెం.

మనకీ ఈ ఆటకీ ఏం సంబంధం అంటారా? భారత జట్టుకి ఏళ్ల తరబడి చీఫ్ కోచ్‌గా ఉన్న ఇస్మాయిల్ బేగ్ హైదరాబాదీయే. 2005లో ద్రోణాచార్య అవార్డు అందుకున్నారు. ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే, 2010 గ్వాంగ్జౌ ఆసియా క్రీడల్లో బజరంగ్ లాల్ తాఖర్ బంగారు పతకం గెలిచాడు. ఆసియా క్రీడల రోయింగ్‌లో మన దేశానికి అదే మొదటి బంగారం. బేగ్ పేరు మనలో ఎంతమందికి తెలుసు? క్రికెట్ కోచ్ మారితే మాత్రం ఇంట్లో గంటసేపు చర్చ పెడతాం.

సరే, ఈ ఆటని పెంచింది కాలేజీలు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ మొదటిసారి పోటీపడింది 1829లో. అమెరికాలో హార్వర్డ్, యేల్ 1852లో. కాబట్టి కోచ్ కథ కూడా కాలేజీ దగ్గరే మొదలుపెడదాం.

[దృశ్యం: పాత నలుపు తెలుపు ఫోటోలు. తెడ్లు పట్టుకున్న కుర్రాళ్లు.]

నాకు బాగా నచ్చిన మనిషి హైరమ్ కోనిబేర్. 1907లో వాషింగ్టన్ యూనివర్సిటీ ఆయన్ని రోయింగ్ కోచ్‌గా పెట్టుకుంది. తమాషా ఏంటంటే, ఆయనకి అసలు తెడ్డు వెయ్యడమే రాదు. ఆటగాళ్ల ఒళ్లు చూసుకునే ట్రైనర్ ఆయన. మరి ఏం చేశాడు? లాబ్ నుంచి ఒక అస్థిపంజరం తెచ్చి, పడవ సీటు మీద కూర్చోబెట్టి, చేతులకి చీపురుకర్ర కట్టి, ముందుకీ వెనక్కీ లాగుతూ వెన్నెముక ఎక్కడ వంగుతోందో చూశాడని చెబుతారు. ఇంట్లోవాళ్ల పరిస్థితి ఊహించుకోండి! కానీ అలా తయారుచేసుకున్న పద్ధతి అమెరికా కాలేజీలకి పాకింది. 1917లో ఇంటి దగ్గర చెట్టెక్కి, కిందపడి చనిపోయాడు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో అదే యూనివర్సిటీ కుర్రాళ్లు ఎనిమిది మంది పడవలో బంగారు పతకం తెచ్చారు. అప్పటి కోచ్ అల్ ఉల్‌బ్రిక్సన్, ఒకప్పుడు అక్కడే తెడ్డు వేసినవాడు. రెండో స్థానంలో వచ్చిన ఇటలీకీ వాళ్లకీ తేడా 0.6 సెకను.

[యానిమేషన్: పడవ పైనుంచి. ఎనిమిది మంది, జారే సీట్లు.]

ఇంతకీ కోచ్ ఒడ్డున కాకుండా పక్కనే బోటులో ఎందుకు? రోయర్లు వెనక్కి తిరిగి కూర్చుంటారు. ముందున్నవాడి వీపు తప్ప వాళ్లకేమీ కనిపించదు. పైగా ఈ ఆటలో కంటికి అబద్ధంలా అనిపించే సంగతి ఒకటుంది. తెడ్డుతో బలంగా లాగుతున్నప్పుడు పడవ వేగం అందుకుంటుంది నిజమే. కానీ అది అన్నిటికంటే జోరుగా పోయేది, తెడ్డు నీళ్లలోంచి బయటికొచ్చాక, రోయర్లు సీటు జరుపుకుంటూ తిరిగి సిద్ధమవుతున్నప్పుడు. వాళ్ల ఒళ్లు ఒకవైపు జరిగితే కింద పడవ ఇంకోవైపు దూసుకుపోతుంది. అక్కడ ఒక్కడు తొందరపడి సీటుని గబుక్కున జరిపితే పడవకి బ్రేక్ పడినట్టే. అందుకే మైకులోంచి "గట్టిగా లాగు" కంటే "మెల్లగా జరుగు" అన్న మాటే ఎక్కువ వినిపిస్తుంది. పోటీలో నిమిషానికి 36కి పైగా వేసే తెడ్లని ప్రాక్టీసులో 18, 20కి తగ్గించి గంటలకొద్దీ వేయిస్తారు. చూసేవాళ్లకి బోర్. వేసేవాళ్లకి ఇంకా బోర్.

ఇక అందరూ భయపడే పని, పడవలో ఎవర్ని ఉంచాలో తేల్చడం. రోయింగ్ మెషీన్ మీద 2,000 మీటర్లు లాగిస్తే ఎవరి బలం ఎంతో తెలుస్తుంది. కానీ మెషీన్ మీద పులి నీళ్లలో పిల్లి కావచ్చు. దానికో చిట్కా ఉంది. నలుగురేసి కూర్చునే పడవలు రెండు తీసుకుంటారు. మొదటిదాంట్లో రవి, రెండోదాంట్లో ఇమ్రాన్ అనుకోండి. పోటీ పెడితే మొదటి పడవ 2 సెకన్లు ముందొచ్చింది. వెంటనే నీళ్ల మీదే రవినీ ఇమ్రాన్‌నీ అటూ ఇటూ మార్చి మళ్లీ పోటీ. ఈసారి రెండో పడవ 1 సెకను ముందొచ్చింది. మిగతా ఆరుగురూ వాళ్లే. అంటే ఫలితం 3 సెకన్లు రవి వైపు తిరిగింది. ఎవర్ని మారుస్తారో చాలామంది కోచ్‌లు ముందు చెప్పరు. ఆ టెన్షన్‌లో ఎనిమిది మందీ ప్రాణం పెట్టి లాగుతారు.

[దృశ్యం: కాలేజీ మైదానం. టేబుల్ వెనక కోచ్, ఎదురుగా కొత్త విద్యార్థులు.]

ఇప్పుడు ఇంటి సంగతి. మా అక్క కూతురు దిల్‌సుఖ్‌నగర్ పిల్ల, డిగ్రీ చదవడానికి అమెరికా వెళ్లింది. మొదటి వారంలోనే రోయింగ్ అసిస్టెంట్ కోచ్ ఒకావిడ పిలిచి జట్టులోకి వస్తావా అందట. అక్కడ ఇది మామూలే. చదువుల్లో ఆడామగా తేడా చూపకూడదని 1972లో వచ్చిన చట్టం వల్ల, కాలేజీలు ఆటల్లో కూడా ఆడపిల్లలకి సమాన అవకాశం ఇవ్వాలి. ఒక్క రోయింగ్ జట్టులోనే చాలామందికి చోటుంటుంది. అందుకని ఎప్పుడూ తెడ్డు పట్టనివాళ్లని కూడా ఎత్తు చూసి పిలుస్తారు. మావాడకట్టులో ఎవర్నడిగినా చెబుతారు, ఈ పిల్ల ఐదడుగులు కూడా సరిగ్గా ఉండదు!

కావాల్సింది అదే. పడవకి కాక్స్ కావాలి. గోదావరి లాంచీ మీద సరంగు లాంటి మనిషి. చుక్కాని పట్టుకుని, పడవ వెళ్లే వైపుకి చూస్తూ కూర్చునేది ఆ ఒక్కరే. బరువు తక్కువుంటే మంచిది, కానీ మరీ తగ్గకూడదు. అంతర్జాతీయ పోటీల్లో 55 కిలోలకి ఎంత తక్కువైతే అంత బరువు మూటగా పక్కన పెట్టుకోవాలి. "మామయ్యా, ఇక్కడ నా పని అరవడమే" అని ఫోన్ చేసింది. పద్దెనిమిదేళ్లు ఇంట్లో ఆ పిల్లకి మేం చెప్పిందల్లా అరవకే అని.

పోటీ మొదలయ్యాక కోచ్ నోరు మూతపడుతుంది. పడవలోకి మాట పంపకూడదు. చాలా చోట్ల ఒడ్డు వెంట సైకిల్ తొక్కుతూ చూడటమే మిగిలేది. అందుకే కాక్స్ మైకులో అన్న మాటలన్నీ రికార్డు చేయించి, తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని వింటారు. మావాళ్ల పిల్ల మొదటి పోటీ రికార్డింగ్ వింటూ ఆ కోచమ్మ ఒకచోట ఆపిందట. "ఇక్కడ పది తెడ్లసేపు నువ్వేం మాట్లాడలేదు, ఎందుకు?"

"బాగా వేస్తున్నారు కదా, ఏం చెప్పాలో తోచలేదు" అందట ఇది.

ఆవిడ నవ్వి, ఆ పది తెడ్లూ మళ్లీ వినిపించిందట.