చీరలు కప్పిన కరివేపాకు: హెచ్‌ఓఏ నోటీసు సబబేనా?

(స్టూడియో చర్చ యథాతథంగా. పాల్గొన్నవారు: టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి ఒక గృహిణి, న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి వచ్చిన విశ్రాంత వృక్షశాస్త్రం మాస్టారు, డాలస్ దగ్గర నర్సరీ నడిపే వరంగల్ ఆయన.)

యాంకర్: నమస్కారం. చలికి పాత చీరలు కప్పిన కరివేపాకు కుండీలు వీధిలోకి కనబడుతున్నాయని ఉత్తర టెక్సస్‌లో ఒక కాలనీ హెచ్‌ఓఏ, అంటే ఇళ్ళ యజమానుల సంఘం, నోటీసిచ్చింది. ఇది మన సంస్కృతి మీద దాడి కాదా? మేడమ్, మీరు చెప్పండి.

గృహిణి: దాడీ గీడీ ఏం లేదండీ. ఫ్రీజ్ వార్నింగ్ వచ్చిన రాత్రి కప్పుతాం, పొద్దున ఎండ రాగానే తీసేస్తాం. ఆ కాస్త దానికి...

మాస్టారు: అసలు కప్పడమే దండగమ్మా!

గృహిణి: నన్ను పూర్తి చెయ్యనివ్వండి మాస్టారూ.

మాస్టారు: చెప్పమ్మా, చెప్పు. ఒక్క మాట. 2021 ఫిబ్రవరిలో డాలస్‌లో మైనస్ 2 ఫారెన్‌హీట్‌కి దిగింది. అప్పుడు ఏ చీర ఆపింది? కంచిపట్టు కప్పినా ఆగదు! అది ఉష్ణమండలపు చెట్టు. రాత్రిళ్ళు 50 కిందకి దిగుతున్నాయంటే కుండీ ఇంట్లోకి రావాల్సిందే. అంతే.

నర్సరీ: సార్, మీది న్యూజెర్సీ. ఇక్కడ నాలుగు రోజులు చలి పెడతది, మళ్ల 70కి పోతది. ప్రతిసారి అంత బరువు ఎవరు మోస్తరు?

మాస్టారు: చక్రాల పీట కొనుక్కోండి.

యాంకర్: కానీ మన అమ్మమ్మల చీర...

నర్సరీ: అది పక్కకు పెట్టుండ్రి. భూమిల ఉన్న చెట్టు వేర్లకు చుట్టూ మట్టి కాపలా. కుండీకైతే నాలుగు దిక్కుల నుంచి చలి కొడతది. అందుకే కుండీలన్ని ఇంటి గోడకు ఆనించి, దగ్గర దగ్గర పెట్టి, కుండీకే బబుల్ ర్యాప్ చుట్టాలె. మట్టి ఎండి ఉంటే చలికి ముందే నీళ్లు పొయ్యాలె, తడి మట్టి వేడి పట్టుకుంటది. ఇగ ప్లాస్టిక్ షీట్ ఆకుకు తగిలితే, తగిలిన కాడల్లా మాడుతది. గుడ్డే నయం.

యాంకర్: విన్నారుగా! చీరే నయమంటున్నారు!

నర్సరీ: చీర అన్లేదు సార్. మందపు దుప్పటి, నేల దాక దించాలె. భూమి వేడి లోపలనే నిలవాలె. చెట్టు పైననే మూట కడితే ఏం లాభం?

గృహిణి: మేం లోపల క్రిస్మస్ లైట్లు కూడా వేస్తాం.

మాస్టారు: ఎల్‌ఈడీలా? వాటికి వేడెక్కడిదమ్మా! పాతకాలం బల్బులైతే వేరు. మా కడియం నర్సరీల్లో...

యాంకర్: కడియంలో చలికి ఏం కడతారు సార్?

మాస్టారు: చలికేం కడతారయ్యా! ఎండకి షేడ్‌నెట్ కడతారు. (నవ్వులు) ఇంకోటి. మట్టి కుండీలు బయట వదిలారనుకోండి, పీల్చుకున్న నీళ్ళు గడ్డకట్టి ఉబ్బుతాయి, కుండీ పెచ్చులూడుతుంది. కాబట్టి లోపలికి తేవాలి!

గృహిణి: తెస్తే హీటర్ గాలికి ఎర్రనల్లి పడుతుంది మాస్టారూ. సంక్రాంతికల్లా ఆకంతా రాలి మోడవుతుంది. పులిహోరలోకి రెబ్బ ఉండదు.

మాస్టారు: రాలనీ! కొమ్మ మీద గోరుతో గీకి చూడు, లోన పచ్చగా ఉంటే బతికున్నట్టే. కంగారుపడి నీళ్ళు పోసి వేరు కుళ్ళబెట్టేది మీరే. ఎరువు అసలొద్దు. దక్షిణం కిటికీ దగ్గర పెట్టు, హీటర్ గాలి తగలకుండా. నేను చెప్పేది ఒకటే...

నర్సరీ: అదే నాలుగోసారి చెప్తున్నరు సార్.

యాంకర్: పోతే ఇండియా నుంచి ఇంకో మొక్క తెచ్చుకుంటే సరిపోదా?

నర్సరీ: అమ్మో, తేవద్దు! నిమ్మ, నారింజ తోటలకు గ్రీనింగ్ రోగం మోసే పురుగు కరివేపాకు మీద కూడ బతుకుతది. ఎయిర్‌పోర్ట్‌ల గుంజుకుంటరు. ఇక్కడ కూడ ఒక రాష్ట్రం నుంచి ఇంకోదానికి పంపాలంటే ఆంక్షలున్నయ్.

యాంకర్: చూశారా, మళ్ళీ మన కరివేపాకు మీదే ఆంక్షలు!

నర్సరీ: నిమ్మ మొక్కలకు సుత ఉన్నయ్ సార్...

గృహిణి: అసలు నోటీసుకి ఏం జవాబివ్వాలో ఎవరూ చెప్పలేదండీ. చలికి మొక్కల మీద కప్పే తెల్లటి ఫ్రాస్ట్ క్లాత్ అయితే ఒప్పుకుంటారేమో అడగచ్చు కదా?

మాస్టారు: జవాబెందుకమ్మా, కుండీ లోపలుంటే నోటీసే రాదుగా!

యాంకర్: అద్భుతం! మాస్టారి మాటతో ముగిద్దాం.

గృహిణి: ముగించడమేంటండీ, నా కుండీ తలుపులో పట్టదు...

మాస్టారు: కత్తిరించు! మోకాలెత్తుకి...

నర్సరీ: చలిల కత్తిరించద్దు సార్! వసంతం దాక ఆగాలె...

యాంకర్: బ్రేక్ తీసుకుందాం.