రాలిన కాయను పూడ్చే ముందు

రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు, వ్యవసాయ విద్యార్థులకు నమస్కారం.

జగిత్యాల మామిడి తోటల వాళ్లకూ, మన వరంగల్ చుట్టుపక్కల బీర, కాకర పందిళ్లు వేసే వాళ్లకూ పండుఈగ గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. కాయ పైకి నిగనిగలాడుతుంది, కోస్తే తెల్లని పురుగులు. 2014లో ఐరోపా సమాఖ్య మన మామిడిని ఆపేసింది ఈ పురుగు వల్లే. మరుసటి ఏడాది గానీ ఆ తలుపు తెరుచుకోలేదు.

మందు కొడుతున్నాం కదా, ఎందుకు పోదు? గుడ్డు తోలు కింద ఉంటుంది, పురుగు గుజ్జులో ఉంటుంది, ఆ తరువాతి దశ మట్టిలో గడుస్తుంది. మన మందు ఎక్కువగా చేరేది ఆకు మీదికే. పురుగు దాక్కున్న చోటికి వెతుక్కుంటూ వెళ్లగలిగేవి బదనికలు, అంటే చిన్న కందిరీగలు. ఇవి మనుషులను కుట్టవు.

ఫోపియస్ అరిసానస్ అనే కందిరీగ సంగతే చూడండి. ఈగ కాయను పొడిచి గుడ్లు పెట్టిన చోటును వెతికి పట్టుకుని, తన సన్నని సూదిని దించి ఆ గుడ్డులోనే తన గుడ్డు పెడుతుంది. ఈగ పిల్ల పుడుతుంది, తింటుంది, పెరుగుతుంది, మట్టిలోకి దిగి గోధుమరంగు గింజలా మారుతుంది. ఆ గింజలోంచి చివరికి బయటికి వచ్చేది ఈగ కాదు, కందిరీగ! మరో జాతి కందిరీగ మాత్రం కాయలో పెరిగిన ఈగ పురుగునే వెతుకుతుంది. కానీ పెద్ద కాయలో పురుగు లోతుకు పోతే దాని సూది అందదు. గుడ్డు దశలోనే పట్టేసే ఫోపియస్‌కు ఆ చిక్కు తక్కువ. అందుకే 1940లలో పండుఈగ హవాయి దీవులను ముంచెత్తినప్పుడు, అక్కడ వదిలిన బదనికల్లో ఇదే అన్నిటికన్నా బాగా నిలదొక్కుకుంది. అంతకుముందే, 1916లో, దోస జాతి కాయల ఈగ కోసం హవాయి వాళ్లు మరో కందిరీగను తీసుకెళ్లారు. ఎక్కడి నుంచో తెలుసా? మన భారతదేశం నుంచే.

ఇక నా మనసును తొలిచే విషయం చెబుతాను. రాలిన కాయలు ఏరి పూడ్చమని మేమే చెబుతూ వచ్చాం. మంచి పనే, మానవద్దు. కానీ ఆ కాయల్లో ఈగతో పాటు దాని శత్రువునూ పూడ్చేస్తున్నాం. హవాయిలో దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. ఏరిన కాయలను గుడారం లాంటి దానిలో వేసి, పైన సన్నని జాలీ బిగించారు. జాలీ కన్నాల్లో ఈగ పట్టదు, కందిరీగ పడుతుంది. ఈగలు లోపలే చస్తాయి, కందిరీగలు తోటలోకి ఎగిరిపోతాయి. అవి రావడానికి మూడు వారాలు దాటవచ్చు కాబట్టి, ఆలోపు గుడారం విప్పకండి. కందిరీగ ఒక్కటే అంతా చూసుకుంటుందని నేను అనను. మామిడి, జామ తోటల్లో మగ ఈగలను వాసనతో లాగే మిథైల్ యూజినాల్ ఎర బుట్టలు కట్టాల్సిందే; బీర, కాకర పందిళ్ల ఈగకు మాత్రం క్యూ-లూర్ ఎర కావాలి. తోటంతా తడిపే మందు మాత్రం తగ్గించండి, అది ముందుగా చంపేది ఈ కందిరీగలనే.

జామకాయలను ఇసుక పోసిన సీసాలో వేసి, మూతికి గుడ్డ కట్టి ఉంచాను. మొదట ఈగలు వచ్చాయి, కొన్ని రోజుల తరువాత కందిరీగలు. ఖాళీ గింజలు ఈ బల్ల మీద పెట్టాను. ఈగ బయటికి వచ్చిన గింజకు మూత ఊడినట్టు ఉంటుంది, కందిరీగ వచ్చిన దానికి కొరికిన రంధ్రం ఉంటుంది. భూతద్దం ఇక్కడే ఉంది, ఒక్కొక్కరుగా వచ్చి చూడండి.