తెలుగు మాన్యువల్‌లో గ్లాసరీ లింకులు: విభక్తి దగ్గర ఏం చేయాలి?

నమస్కారం అండీ. వైజాగ్ పోర్టు పనుల్లోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం తెలుగులో ఒక మాన్యువల్ రాస్తున్నాం అనుకుందాం. బెర్త్ (రేవులో ఓడ ఆగే చోటు), డ్రాఫ్ట్, పైలట్ (ఓడకి రేవులో దారి చూపే మనిషి) లాంటి మాటలు పేజీ పేజీకీ తగులుతాయి. డ్రాఫ్ట్ అంటే నీటి మట్టం నుంచి ఓడ అడుగు దాకా ఉండే లోతు. అది తెలియని మనిషికి తర్వాతి పేరా అర్థం కాదు. అలాగని ప్రతి పేజీలో అర్థం రాసుకుంటూ పోతే, రేపు ఒకచోట దిద్ది ఇంకోచోట వదిలేస్తాం. అర్థం ఒక్కచోటే, అంటే గ్లాసరీ అనే పదాల పట్టికలోనే ఉండాలి, మిగతావన్నీ అక్కడికి లింకు కావాలి.

మనం వాడేది స్ఫింక్స్, అంటే రాసిన టెక్స్ట్ ఫైళ్ళని లింకులున్న పేజీలుగా మార్చే సాఫ్ట్‌వేర్. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష డాక్యుమెంటేషన్ కోసం తయారై 2008లో విడుదలైంది. రాసేది మామూలు టెక్స్ట్‌లో కొన్ని గుర్తులు కలిపే రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్‌లో కాబట్టి ఏ టెక్స్ట్ ఎడిటరైనా చాలు.

స్క్రీన్ చూడండి. రెండు చుక్కలు, ఒక స్పేస్, ఇంగ్లీషులో గ్లాసరీ, రెండు కోలన్లు. ఒక లైను వదిలి, మూడు స్పేసులు జరిగి పదం. దాని కింద ఇంకాస్త లోపలికి జరిగి అర్థం. ఒకే అర్థానికి రెండు పేర్లుంటే ఒకదాని కింద ఒకటి రాసేయండి: ఔటర్ హార్బర్, కింద బయటి రేవు, ఆ కింద ‘సముద్రం వైపున్న హార్బర్, 1976లో మొదలైంది’ అని.

ఇప్పుడు పేజీలో కోలన్, ఇంగ్లీషులో టర్మ్, కోలన్, వెంటనే బ్యాక్‌టిక్, బెర్త్, మళ్ళీ బ్యాక్‌టిక్. మామూలు కీబోర్డులో ట్యాబ్ కీ పైనుండేదే బ్యాక్‌టిక్, సింగిల్ కోట్ కాదండీ. బిల్డ్ చేస్తే, అంటే స్ఫింక్స్ చేత పేజీలు తయారు చేయిస్తే, ఇదిగో లింకు.

అసలు చిక్కు ఇక్కడే. తెలుగు వాక్యంలో బెర్త్ ఒంటరిగా రాదు. బెర్తులో, బెర్తుకి, బెర్తులు అంటాం. మూసే బ్యాక్‌టిక్‌కి ‘లో’ అతికించారంటే మార్కప్, అంటే ఆ గుర్తుల రాత, అక్కడ ముగిసిందని స్ఫింక్స్ గుర్తించదు. దాని వెనక స్పేసో, చుక్కో, కామానో ఉండాలి. అందుకని బ్యాక్‌టిక్‌ల లోపలే ‘బెర్తులో’ అని రాసి, స్పేస్ ఇచ్చి, యాంగిల్ బ్రాకెట్లలో గ్లాసరీలోని పదం ‘బెర్త్’ పెట్టండి. చదివేవారికి బెర్తులో అని కనిపిస్తుంది, నొక్కితే బెర్త్ దగ్గరికే వెళ్తారు. బ్యాక్‌స్లాష్, స్పేస్ పెట్టి ‘లో’ని బయట అతికించవచ్చు కూడా. పనిచేస్తుంది గానీ, సగం మాట నీలంగా, సగం నల్లగా ఉంటే చదివే కన్ను ఆగిపోతుంది. నేనైతే మొదటి దారే వాడతాను.

ఇంకోటి. తెలుగు కీబోర్డులు కొన్ని పొల్లు తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అక్షరాన్ని చేరుస్తాయి. చూపుకి రెండూ బెర్తే, స్ఫింక్స్‌కి మాత్రం రెండు వేరే పదాలు. ఆ పదం గ్లాసరీలో లేదని వార్నింగ్ ఇస్తుంది. అలా వస్తే ఆలోచించకుండా గ్లాసరీలోంచి పదాన్ని కాపీ చేసి పేస్ట్ చేయండి.

ప్రతిసారీ లింకు ఇవ్వకండి, పేజీలో మొదటిసారి చాలు. బిల్డ్ కమాండ్‌లో మైనస్, పెద్ద డబ్ల్యూ చేర్చండి. అప్పుడు వార్నింగ్ కాస్తా ఎర్రరవుతుంది, తెగిన లింకుతో మాన్యువల్ బయటికి పోదు.